గొడుగు ఎవరి నెత్తిన? (వస్తువుల వెనక కులం – 7)

"అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట." మనందరం విన్న సామెతే. మలయాళంలో కూడా అచ్చంగా ఇదే సామెత ఉంది. ఎండా వానా లేని అర్ధరాత్రి గొడుగేంటని నవ్వుతారు. సరే, మరి ఆ 'అల్పుణ్ణి' పగలు పట్టుకోనిచ్చారా? ఇది మాత్రం ఎవరూ అడగరు.

కేరళలో గొడుగు అంటే అలప్పుళ. తయ్యిల్ అబ్రహాం వర్గీస్ అనే ఆయన 1954లో అక్కడ సెయింట్ జార్జ్ గొడుగుల కంపెనీ పెట్టాడు. మలయాళంలో గొడుగుని 'కుడ' అంటారు. జనం ఆయన్ని 'కుడ వావచ్చన్' అనే పిలిచారు. అంతకుముందు ఆయన వేరొకరి గొడుగుల కొట్లో పని నేర్చుకున్న మనిషి. 1995లో కుటుంబం విడిపోయి కంపెనీ రెండయింది. అవే ఇప్పటి పోపీ, జాన్స్. జూన్‌లో బళ్లు తెరుస్తారు, వానలు మొదలవుతాయి, ఇక టీవీ నిండా ఈ రెండు గొడుగుల ప్రకటనలే.

కష్టపడి పైకొచ్చిన మనిషి కథ. మంచి కథే, కాదనను. కానీ కంపెనీ కథ 1954లో మొదలైతే, గొడుగు కథ అంతకంటే చాలా ముందే మొదలైంది.

అలప్పుళ అప్పట్లో తిరువాన్కూరు సంస్థానంలో ఉండేది. అక్కడ పనిచేసిన మిషనరీ శామ్యూల్ మటీర్ 1871లో అచ్చేసిన పుస్తకంలో షాణార్ల మీద, అంటే నేటి నాడార్ల మీద, ఉన్న నిషేధాలు రాశాడు. గొడుగు పట్టకూడదు. చెప్పులు తొడగకూడదు. బంగారం పెట్టుకోకూడదు. మేడ కట్టకూడదు. ఆవు పాలు పితకకూడదు. ఆ ఆడవాళ్లు రవిక కోసం 1859 దాకా కొట్లాడాల్సి వచ్చింది. వాళ్లకే ఇలా ఉంటే, ఇంకా కిందకి నెట్టిన పులయలు, పరయల సంగతేంటి? 1855 దాకా వాళ్లు చట్టప్రకారమే బానిసలు.

అదే నేల మీద నంబూద్రి స్త్రీ గడప దాటితే మొహం కనపడకుండా తాటాకు గొడుగు అడ్డం పెట్టుకోవాల్సిందే. ఒకామెకి గొడుగు నిషేధం, ఇంకొకామెకి గొడుగే చెర. రెండూ కులం పెట్టిన రూలే. ఇంతకీ ఆ తాటాకు గొడుగులు అల్లిన కులాల్లో పాణన్లు ఒకరు. ఈ రోజు వాళ్లు కేరళ ఎస్సీ జాబితాలో ఉన్నారు. గుడ్డ గొడుగు వచ్చాక ఆ పనీ పోయింది. కంపెనీల చరిత్రలో వాళ్ల ఊసు ఉండదు.

"డబ్బుంటే ఎవరైనా కొనుక్కోవచ్చు, మార్కెట్టే కులాన్ని కరిగిస్తుంది" అనే మేధావులున్నారు. వాళ్లకో తేదీ చెప్తాను. 1930 డిసెంబర్‌లో తమిళనాడు రామనాథపురం జిల్లాలో కల్లర్లు ఆది ద్రావిడుల మీద ఎనిమిది నిషేధాలు పెట్టారు. అందులో ఒకటి: ఎండకైనా వానకైనా గొడుగు వేయకూడదు, చెప్పులు తొడగకూడదు. అప్పటికి బజార్లో గుడ్డ గొడుగులు దొరుకుతూనే ఉన్నాయి. బజార్లో కొనడం వేరు, ఊళ్లో విప్పడం వేరు.

ఊళ్లో విప్పే ధైర్యం ఏ కంపెనీ అమ్మలేదు. 1893లో అయ్యంకాళి నిషేధించిన దారిలో ఎడ్లబండి తోలాడు. దారి మీద నడిచే హక్కే లేనివాడు గొడుగు కొని ఏం చేసుకుంటాడు? ముందు దారి గెలిచాం, తర్వాతే కొట్టుకి గిరాకీ అయ్యాం. 1954లో వావచ్చన్ కొట్టు తెరిచేనాటికి ఎవరైనా వచ్చి గొడుగు కొనుక్కుపోగలిగారంటే, దాని వెనక ఇలాంటి కొట్లాటలున్నాయి.

ఈసారి ఎవరైనా ఆ సామెత చెప్పి నవ్వితే, పగటి సంగతి అడగండి.

వచ్చే భాగం: చెప్పులు.

జై భీమ్.