వీధి పొడవునా బడి

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సిటీ హాల్ వైపు నుంచి ఆర్ట్ మ్యూజియం మెట్ల దాకా మైలు పొడవున సాగే రోడ్డు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పార్క్‌వే. ఆ రోడ్డు మీదే స్కూలు బోర్డు కార్యాలయం ఉండేది. 1967 నవంబరు 17న వేలాది నల్లజాతి విద్యార్థులు దాని ముందుకొచ్చి నిలబడ్డారు. తమ చరిత్రను పాఠాల్లో చేర్చాలన్నది వాళ్ల డిమాండ్లలో ఒకటి. పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. పదిహేను నెలలకు అదే రోడ్డు మీద, అదే బోర్డు ఓ ప్రభుత్వ హైస్కూలు తెరిచింది. దానికి సొంత భవనమే లేదు.

ఆలోచన పుట్టింది ఆదర్శంతో కాదు, అవసరంతో. నగరంలోని హైస్కూళ్లు కిక్కిరిసిపోయాయి. కొత్తవి కట్టాలంటే డబ్బు కావాలి, ఏళ్లు పడతాయి. పార్క్‌వే వెంట చూస్తే ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్, నేచురల్ సైన్సెస్ అకాడమీ, ఫ్రీ లైబ్రరీ, ఆర్ట్ మ్యూజియం వరసగా ఉన్నాయి. వాటి గదుల్లోనే పాఠాలు చెబితే సరిపోదా అనుకున్నారు. ఈ సర్దుబాటును చదువు పద్ధతిగా మలిచినవాడు తొలి డైరెక్టర్ జాన్ బ్రెమర్. ఫోర్డ్ ఫౌండేషన్ లక్ష డాలర్లిచ్చింది. 1969 ఫిబ్రవరిలో 143 మందితో ‘పార్క్‌వే ప్రోగ్రామ్’ మొదలైంది.

ప్రవేశానికి మార్కులు అడగలేదు, పాత బడిలో ప్రవర్తన ఎలా ఉండేదో ఆరా తీయలేదు. నగరంలోని 8 స్కూలు జిల్లాల నుంచి దరఖాస్తు చేసుకున్నవాళ్లకు లాటరీ తీశారు. అందుకే బాగా చదివేవాళ్లూ, చదువంటే విసుగెత్తినవాళ్లూ, నల్లవాళ్లూ, తెల్లవాళ్లూ ఒకే గుంపులో కలిశారు.

జంతుశాస్త్రం జూలో, బొమ్మల పాఠం ఆర్ట్ మ్యూజియంలో. ఒక క్లాసు నుంచి మరో క్లాసుకు వెళ్లాలంటే వీధులు దాటాలి. సమయానికి చేరుకునే బాధ్యత పిల్లలదే. పదిహేను మంది చొప్పున ట్యుటోరియల్ గ్రూపులుండేవి. చదవడం, రాయడం, లెక్కల్లో వెనకబడినవాళ్లను అక్కడే పట్టించుకునేవారు. గ్రేడ్లు లేవు. టీచరు విద్యార్థి గురించి రాసేవారు, విద్యార్థి తన చదువు గురించీ టీచరు గురించీ రాసేవాడు. బడి నియమాలు ‘టౌన్ మీటింగ్’లో అందరూ కలిసి చర్చించుకునేవారు.

ఈ నమూనా త్వరగానే పాకింది. 1970లో షికాగోలో మెట్రో హైస్కూలు, 1971లో వాషింగ్టన్‌లో ‘స్కూల్ వితౌట్ వాల్స్’ వచ్చాయి. ఫిలడెల్ఫియాలో మాత్రం బ్రెమర్ 1970లోనే వెళ్లిపోయాడు. శాఖలు పెరిగాయి, కాలక్రమంలో అవీ భవనాల్లో స్థిరపడ్డాయి. ఇందులో వింతేమీ లేదు. మ్యూజియం ఉద్యోగికి మ్యూజియం పనే ముఖ్యం. గది ఇమ్మని, పాఠం చెప్పమని ప్రతిసారీ ఒకరిని ఒప్పించాలి. ఊరి మంచితనం మీద నడిచే బడికి ఆ మంచితనాన్ని కూడగట్టే మనిషి రోజూ కావాలి. జీతాల పద్దులో అలాంటి ఉద్యోగానికి చోటుండదు.

ఆ పేరు ఇంకా మిగిలే ఉంది. పార్క్‌వే సెంటర్ సిటీ మిడిల్ కాలేజ్ అనే ప్రభుత్వ హైస్కూలు విద్యార్థులకు అక్కడ ఉండగానే నగరంలోని కమ్యూనిటీ కాలేజీలో చదివి, రెండేళ్ల డిగ్రీ సంపాదించుకునే వీలుంది. ఇప్పుడు బడికి గోడలున్నాయి. అయినా బయటి సంస్థ తలుపు పిల్లల కోసం తెరిపించడం ప్రభుత్వ బడి పనే అన్న తొలినాటి పట్టుదలను అది వదులుకోలేదు.