గడియ కుడుక – ఇసుక గడియారము

కాలమును కొలుచు సాధనమును మనము నేటికిని ‘గడియార’ మనియే పిలుచుచున్నాము. ఆ పేరున దాగియున్నది గడియ. దినమునకు 60 గడియలు. గడియకు 24 నిమిషములు. దీనిని కొలుచుటకు మన పూర్వులు వాడినది గడియ కుడుక. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటిపాత్రలో విడిచెడివారు. నీరు మెల్లగా లోనికి చేరి గిన్నె మునిగినచో ఒక గడియ గడచినట్లు. అహోరాత్రమున 60 మార్లు మునుగునదే సరియైన గిన్నె యని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది.

1150లో లీలావతి గణితమును రచించిన భాస్కరాచార్యుని కుమార్తె వివాహమునకై ఉంచిన గిన్నెలో ముత్యము జారిపడి, రంధ్రము మూసికొని, ముహూర్తము తప్పెనని యొక కథ కలదు. 1587 నాటి ఫైజీ పారసీకానువాదమున ఇది కనబడుచున్నది. ఇది చరిత్ర కాకపోవచ్చును. కాని గిన్నెను కనిపెట్టియుండు మనిషి ఏమరుపాటు ఎంత చేటు తెచ్చునో తెలుపును.

నీటిగిన్నెకు కదలని నీరు కావలెను. ఊగెడి ఓడపై అది పనికిరాదు. అందుచే ఐరోపా నావికులు ఇసుక గడియారము నాశ్రయించిరి. 1338–39లో ఇటలీలోని సియెనా నగరమున లొరెంజెత్తి వ్రాసిన కుడ్యచిత్రమున దాని రూపమున్నది. రెండు గాజుబుడ్లు, నడుమ సన్నని కంఠము. కుండలో నీరు తగ్గినకొలది ధార మందగించును. ఇసుక మాత్రము పైన ఎంత మిగిలినను ఇంచుమించు ఒకే వేగమున జారును. దాని గొప్ప అదియే.

అరగంట బుడ్డి ఎనిమిది మార్లు తిరిగినచో ఓడపై నాలుగుగంటల కావలి ముగియును. 28 సెకండ్ల బుడ్డి పెట్టి, నీటిలోనికి సాగిపోవు త్రాటి ముడులను లెక్కించి ఓడవేగమును కనుగొనెడివారు. నేటికిని ఆ వేగమును ‘నాట్’లలో, అనగా ముడులలో, చెప్పుట అందువలననే. కావలి త్వరగా ముగియవలెనని ఇసుక జారకమునుపే బుడ్డిని త్రిప్పు సోమరులును లేకపోలేదు. దాన కాలము తప్పును. దూరము లెక్క తప్పును. ఓడకే ముప్పు వచ్చును.

మన అల్లవరమునకు చేరువనున్న బెండమూర్లంకలో ఇంగ్లీషు కుంపిణీకి వర్తకస్థానముండెను. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దానిని పట్టుకొనెను. ఆనాడు ఈ తీరమునకు వచ్చిన ఐరోపా ఓడలపై ఇసుకయు, ఒడ్డున నీరును కాలమును కొలుచుచుండెను.

1967 నుండి సెకండునకు సీసియము పరమాణువే ప్రమాణము. అయినను పాత ఇండ్ల అటుకలపై అడుగున రంధ్రమున్న రాగిగిన్నె దొరికినచో, చిల్లిగిన్నె యని తూకమునకు అమ్మివేయవలదు. గ్రంథాలయమునకు తెచ్చి చూపుడు. అది మన తాతముత్తాతల గడియారము కావచ్చును.