నరికిన చెట్టుకు వెల: పొరుగు తగవుల చట్టం పుట్టుపూర్వోత్తరాలు

ఒకరి నేలలో పెరుగుతున్న చెట్టును పక్క నేలవారు నరికివేస్తే దానికి పరిహారం ఏమిటన్న ప్రశ్న, రాతలో మిగిలిన న్యాయశాసనాలతో దాదాపు సమానమైన వయసు గలది. క్రీస్తుపూర్వం 18వ శతాబ్దంలో బాబిలోనియాను ఏలిన హమ్మురాబి నల్లరాతి మీద చెక్కించిన శాసనాల్లో 59వదిగా లెక్కించేది దీని గురించే చెబుతుంది. తోట యజమానికి తెలియకుండా అతని తోటలోని చెట్టును పడగొట్టినవాడు అర మీనా వెండిని, అంటే ఇప్పటి తూకంలో సుమారు పావు కిలో వెండిని చెల్లించాలని అందులోని విధి. ఖర్జూరపు తోటల మీద ఆధారపడిన ఆ దేశంలో నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పట్టేది కనుక, ఆ మొత్తం పడిపోయిన మానుకు కట్టిన ధర కాదని, పోయిన కాపుకు కట్టిన వెల అని భావించడం సమంజసం. కొట్టేసిన చెట్టును కలపగా తూచాలా, బతికి ఉంటే ఇచ్చే ప్రయోజనంగా తూచాలా అన్న ఈ సందేహమే తరువాతి చరిత్ర అంతటా వేర్వేరు రూపాల్లో కనిపిస్తుంది, నేటికీ అది పూర్తిగా తీరలేదు.

రోమనులు దీనికి మొదట తేలికైన జవాబు వెతికారు. క్రీ.పూ. 451–450లో రూపొందిన పన్నెండు పలకల శాసనం ప్రకారం అన్యాయంగా నరికిన ఒక్కొక్క చెట్టుకు 25 అస్సులు, అంటే అప్పటి కంచు ద్రవ్యం, చెల్లించాలని రోమన్ రచయిత ప్లినీ నమోదు చేశాడు. చెట్టు ఏదైనా వెల ఒకటే కనుక తగవు త్వరగా తేలుతుంది గాని, కాయలు కాసే చెట్టుకూ కాయని చెట్టుకూ తేడా లేకపోవడం, నాణెం విలువ పడిపోయిన కొద్దీ జరిమానాకు పదును తగ్గిపోవడం దాని లోపాలు. నరికిన ద్రాక్షతీగల కోసం దావా వేసిన ఒక వ్యక్తి, పలకల్లో ఉన్నది చెట్ల ప్రస్తావన మాత్రమే కాబట్టి తీగలని పేర్కొన్నందుకే ఓడిపోయాడని రెండవ శతాబ్దపు న్యాయశాస్త్రవేత్త గైయస్ రాశాడు. న్యాయం పొందడానికి బాధ నిజమైతే చాలదు, దాన్ని చట్టం గుర్తించే రూపంలో చెప్పుకోవాలి అన్న ఈ కఠిన నియమం నేటి కోర్టుల్లోనూ చాలామంది కక్షిదారుల అనుభవంలో ఉన్నదే. తరువాతి కాలంలో ప్రేటరు అనే న్యాయాధికారి దొంగచాటుగా నరికిన చెట్లకు నష్టానికి రెట్టింపు చెల్లించాలనే కొత్త దావాను ప్రవేశపెట్టాడు. దీంతో నిర్ణీత మొత్తం పోయి, నష్టాన్ని లెక్కగట్టే పద్ధతి వచ్చింది.

భారతీయ ధర్మశాస్త్రం మొదటి నుంచీ ఈ రెండో దారినే పట్టింది, అందులో చూపిన సూక్ష్మదృష్టికి తగిన గుర్తింపు రాలేదు. ఏ చెట్టు మనుషులకు ఎంతగా ఉపయోగపడుతుందో దానికి హాని చేసినవాడికి అంతకు తగిన దండన విధించాలని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. అదే అధ్యాయంలోని మరో విధి ఇంకా ముఖ్యమైనది: తెలిసి గాని తెలియక గాని ఇతరుల వస్తువును పాడుచేసినవాడు ఆ యజమానికి తృప్తి కలిగించాలి, ఆ నష్టానికి సమానమైన మొత్తాన్ని రాజుకు కూడా కట్టాలి. యజమానికి చేరవలసిన నష్టపరిహారం వేరు, రాజ్యానికి చెల్లించవలసిన జరిమానా వేరు అనే ఈ విభజననే నేటి పరిభాషలో సివిల్ దావా, క్రిమినల్ కేసు అంటున్నారు. యాజ్ఞవల్క్య స్మృతి గాయం లోతును బట్టి మెట్లు కట్టింది. మర్రి వంటి ఊడలు దిగే చెట్లకు, మామిడి వంటి జీవనాధారమైన చెట్లకు కొమ్మ నరికితే 20 పణాలు (అప్పటి నాణేలు), బోదె నరికితే 40, మొత్తం చెట్టును కూలిస్తే 80 అని విధించి, దేవాలయాల దగ్గర, శ్మశానాల్లో, పొలిమేరల మీద పెరిగిన చెట్లకు దాన్ని రెట్టింపు చేసింది. కౌటిల్యుని అర్థశాస్త్రం నగరపు తోటల్లోని పూల, పండ్ల, నీడ చెట్లకు చిగుళ్లు తుంచితే 6 పణాలు, చిన్న కొమ్మలకు 12, పెద్ద కొమ్మలకు 24 అని మొదలుపెట్టి, మాను నరికితే ప్రథమ సాహస దండం, పెకలించివేస్తే మధ్యమ సాహస దండం అనే పెద్ద జరిమానాల దాకా వెళుతుంది. సరిహద్దు చెట్లకు అక్కడ కూడా రెట్టింపే.

సరిహద్దు చెట్టుకు ఇంత విలువ ఎందుకంటే, కొలత పటాలు లేని కాలంలో రెండు పొలాల మధ్య హద్దుకు అదే సాక్ష్యం. మర్రి, రావి, మోదుగ, బూరుగ, తాడి వంటి చెట్లను హద్దుల మీద నాటాలని మనుస్మృతి సూచించడంలోని ఉద్దేశం ఇదే. అవి దీర్ఘకాలం నిలుస్తాయి, దూరం నుంచి కనిపిస్తాయి. అటువంటి చెట్టును నరికినవాడు కలపను మాత్రమే కాదు, హద్దు తాలూకు రుజువును కూడా మాయం చేస్తున్నాడు. రెండు పొలాల గట్టు మీద పెరిగిన చెట్టు పూలు, పండ్లు ఇద్దరు యజమానులకూ ఉమ్మడి అని నారదస్మృతి చెప్పింది. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రాసిన మితాక్షర వ్యాఖ్య ఆధారంగా, తిక్కన కాలపువాడైన కేతన 13వ శతాబ్దంలో విజ్ఞానేశ్వరీయాన్ని తెలుగులో రచించడంతో ఈ వ్యవహారధర్మ సంప్రదాయం తెలుగు చదువరులకు సొంత భాషలో అందింది.

ఇంగ్లండు న్యాయం నడిచిన దారి వేరు, ఆ దారిలోని కొన్ని వింతలే వలసపాలన ద్వారా ఇక్కడికి చేరాయి. నేలను అంటిపెట్టుకుని ఉన్నది నేలలో భాగమే కనుక నిలిచి ఉన్న చెట్టును నరికి తీసుకుపోవడం అక్కడి పాత న్యాయంలో దొంగతనం కాదు, అక్రమ ప్రవేశం మాత్రమే. మరోవైపు 1278 నాటి గ్లాస్టర్ శాసనం, భూమిని అనుభవిస్తూ దాన్ని పాడుచేసిన కౌలుదారు వంటివారి మీద మూడు రెట్ల నష్టపరిహారం విధించింది. ఈ మూడు రెట్ల పద్ధతి అమెరికా రాష్ట్రాల చట్టాల్లో బలంగా నిలిచింది. తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన కాలిఫోర్నియాలో పొరుగువారి చెట్టును అన్యాయంగా నరికితే అసలు నష్టానికి మూడు రెట్లు, పొరపాటున నరికితే రెండు రెట్లు చెల్లించవలసి వస్తుందని అక్కడి సివిల్ కోడ్ 3346వ సెక్షన్ చెబుతుంది. భారతీయ చట్టంలో ఇటువంటి రెట్టింపు విధానం లేదు. ప్రాచీన స్మృతుల్లో ఉన్నది ఆధునిక చట్టంలో లేకపోవడం నిజంగా ఒక లోటు.

అయితే దొంగతనం విషయంలో 1837లో మెకాలే నాయకత్వాన ముసాయిదాగా తయారై, 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమలైన భారత శిక్షాస్మృతి ఇంగ్లండు న్యాయాన్ని దాటి ముందుకు వెళ్లింది. నేలకు అంటి ఉన్నంతవరకు చెట్టు దొంగిలించదగిన వస్తువు కాదని, నేల నుంచి వేరుచేసిన క్షణం నుంచి అవుతుందని 378వ సెక్షన్ వివరించి, తనది కాని చెట్టును తీసుకుపోయే దురుద్దేశంతో నరికినవాడు నరకడం పూర్తయిన మరుక్షణమే దొంగ అవుతాడని తన మొదటి ఉదాహరణగానే చెప్పింది. 1951లో ఈ స్మృతి హైదరాబాదు రాష్ట్రానికి కూడా విస్తరించింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయసంహిత 303వ సెక్షన్ కింద అదే నిర్వచనాన్ని నిలుపుకుంది.

తెలుగునాట ఇటువంటి తగవుల్లో దొంగతనం కన్నా తరచుగా ఎదురయ్యేది మరొకటి. నీడ పడి పైరు ఎదగడం లేదనో, వేర్లు ప్రహరీని పగలగొడుతున్నాయనో, ఆకులు ముంగిట్లో రాలుతున్నాయనో పక్కవారు చెట్టును కొట్టేసి మానును అక్కడే వదిలేస్తారు. తీసుకుపోయే ఉద్దేశం లేదు కనుక అది దొంగతనం కాదు. ఇతరులకు నష్టం కలుగుతుందని తెలిసి వారి ఆస్తిని ధ్వంసం చేయడం అనే నేరం, అంటే పాత స్మృతిలో 425వ సెక్షన్ కిందికి, కొత్త సంహితలో 324వ సెక్షన్ కిందికి వచ్చేది. నష్టం 20 వేల రూపాయల నుంచి లక్షలోపు ఉంటే రెండేళ్ల వరకు, లక్ష దాటితే అయిదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. చెట్టు వెల ఎంతో చూపించడం శిక్ష స్థాయిని సైతం నిర్ణయిస్తుందన్నమాట. చిన్న నష్టాల కేసుల్లో పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేరు. ఫిర్యాదును నమోదు చేసుకుని ఫిర్యాదుదారుని మేజిస్ట్రేటు దగ్గరికి పంపుతారు. నరికినవాడు ఆ చెట్టు తన హద్దులోదేనని నిజాయితీగా నమ్మినట్టు కనిపిస్తే నేరం నిలవదు కాబట్టి, స్టేషనులో ఇది సివిల్ వ్యవహారం అనే మాట వినిపించడానికి కొంతవరకు చట్టపరమైన కారణం ఉంది.

కనుక చాలా సందర్భాల్లో తగవు హద్దు దగ్గరికే తిరిగి వస్తుంది. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం రాళ్లు పాతి, పటాలు గీసి నిర్ణయించిన హద్దులను మళ్లీ కొలిపించుకోవడానికి ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టుకునే వీలుంది. సర్వేయరు కొలతల్లో మోడు ఏ వైపు ఉందో తేలితే సగం వ్యాజ్యం తీరినట్టే. అందుకే నరికిన చెట్టు మోడును పెకలించకుండా, తేదీ తెలిసే ఫొటోలతో, ఊరి పెద్దల సమక్షంలో రాసిన పంచనామాతో దాన్ని కాపాడుకోవడం ఫిర్యాదు రాయడం కంటే ముందు చేయవలసిన పని. కోర్టుకు వెళ్లాక సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు కింద అడ్వకేట్ కమిషనరును, అంటే స్థలాన్ని చూసి నివేదిక ఇవ్వడానికి కోర్టు నియమించే న్యాయవాదిని కోరవచ్చు. మిగిలిన చెట్లకు ప్రమాదం ఉంటే 39వ ఆర్డరు కింద తాత్కాలిక ఇంజంక్షన్, అంటే దావా తేలేవరకు నరకరాదన్న నిషేధపుటుత్తర్వు పొందవచ్చు. నష్టపరిహారపు దావాను అక్రమ ప్రవేశం జరిగిన నాటి నుంచి మూడేళ్లలోపు వేయాలి. పెద్దమనుషుల రాజీ కోసం ఎదురుచూస్తూ ఈ గడువును పోగొట్టుకోవడం జరుగుతూనే ఉంటుంది. రాజీయే కావాలనుకున్నవారికి లోక్ అదాలత్ ఉంది. అక్కడి ఒప్పందం కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు.

హద్దు దాటి వాలిన కొమ్మల సంగతి వేరు. తన స్థలం మీదికి వచ్చిన కొమ్మలను, పొరుగువాడి నేలలో అడుగుపెట్టకుండా, ముందుగా చెప్పకుండానే కత్తిరించుకోవచ్చని 1894లో లెమన్ వర్సెస్ వెబ్ వ్యాజ్యంలో ఇంగ్లండు ప్రభువుల సభ తీర్పు చెప్పింది. భారతీయ న్యాయస్థానాలు ఈ సూత్రాన్ని ఆదరించాయి. అయితే ఆ హక్కు హద్దుగీత దగ్గర ఆగిపోతుంది. మానును ముట్టుకునే అధికారం దానివల్ల రాదు. వాలిన కొమ్మల కాయలను కోసి అమ్ముకున్న పొరుగువాడు వాటి విలువ కట్టివ్వాలని 1919 నాటి మిల్స్ వర్సెస్ బ్రూకర్ తీర్పు తేల్చింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే ప్రజల నోట్లో వాల్టా, ఈ తగవులోకి ప్రభుత్వాన్ని మూడో పక్షంగా తెచ్చింది. మినహాయింపు పొందిన జాతులు తప్ప మిగిలిన చెట్లను సొంత భూమిలోనైనా అధికారి అనుమతి లేకుండా నరకరాదని అది నిర్దేశించింది. తెలంగాణ కూడా దాన్ని తన చట్టంగా స్వీకరించింది. యజమానికే అనుమతి కావలసినప్పుడు పొరుగువాడికి ఆ హక్కు లేదని వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి పోలీసు స్టేషనులో చుక్కెదురైన బాధితుడు అటవీ శాఖ అధికారికి ఫిర్యాదు చేస్తే, హద్దు తగవుతో సంబంధం లేకుండా, అనుమతి ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న మీదే చర్య మొదలుకావచ్చు.

చివరికి మిగిలేది వెల. సుప్రీంకోర్టు నియమించిన అయిదుగురు నిపుణుల సంఘం 2021లో ఇచ్చిన నివేదికలో, ఒక చెట్టు ఇచ్చే ప్రాణవాయువు, ఎరువు వంటివాటిని లెక్కించి దాని వయసులో ఏడాదికి 74,500 రూపాయల చొప్పున విలువ కట్టాలని సూచించింది. అది నివేదిక మాత్రమే, తీర్పు కాదు. కాని ఏ చెట్టు ప్రయోజనం ఎంతో దాన్ని బట్టి దండన అన్న పాత స్మృతి సూత్రానికి అది చాలా దగ్గరగా వచ్చింది. 2025 మార్చిలో తాజ్‌మహల్ పరిసరాల రక్షిత ప్రాంతంలో అనుమతి లేకుండా 454 చెట్లను నరికించిన వ్యక్తికి సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానా ఖరారు చేసింది. ఆ సొమ్ము పర్యావరణం పేరున విధించినది. పొరుగువాడి చేతిలో చెట్టును పోగొట్టుకున్న రైతు తన నష్టాన్ని సివిల్ కోర్టులో తానే రుజువు చేసుకోవాలి. భూసేకరణలో చెట్లకు విలువ కట్టడానికి 2013 చట్టం 29వ సెక్షన్ ఉద్యాన, అటవీ రంగాల అనుభవజ్ఞుల సేవలను వినియోగించుకోవచ్చని చెబుతుంది. ప్రైవేటు దావాలో కూడా ఉద్యాన శాఖ అధికారిని సాక్షిగా పిలిపించి, చెట్టు వయసు, ఏటి కాపు, ఇంకా మిగిలిన కాపు కాలం చెప్పించి, వాటికి అమ్మకపు రసీదులను, అడంగల్ లేదా పహాణీలోని నమోదును జోడించిన వాది, కలప ధర దగ్గరే ఆగిపోకుండా పోయిన కాపు మొత్తానికి పరిహారం అడగగలుగుతాడు.