దుబరాజు గుడి దాకా నడక

మంట దగ్గరికి జరగండర్రా. ఆ మట్ట ఇటు తొయ్యరా, కమ్మలన్నీ ఒకేసారి పడేయకు, భగ్గుమని ఆరిపోతాయి. పాత కబురు చెప్పమన్నారుగా, మా మేనమామతో ఆదుర్రు నడిచెళ్ళిన కబురు చెబుతా.

అప్పటికి బోడసకుర్రు వంతెన లేదు. రేవులో పంటెక్కి వైనతేయ దాటాలి. పోటు మీదుంటే ఏరు ఒక తీరు, పాటు మీదుంటే ఇంకో తీరు. పాశర్లపూడి ఒడ్డున దిగి ఏటిగట్టెక్కితే ఇహ నడకే. ఓ పక్క ఏరు, ఓ పక్క కొబ్బరితోటలు, సందు దొరికిన చోటల్లా దాళవా ఆకుమడి. బంకమట్టి అంటుకుంటోందని చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాం.

మావయ్య దారిపొడుగునా ఒకటే అడిగాడు. "ఒరేయ్, మనూళ్ళో పుట్టిన రాయి ఒక్కటి చూపించు" అని. ఎంత వెతుక్కున్నా దొరకలేదు. రోలు, తిరగలి, గుళ్ళో స్తంభం, గట్టుకి పోసిన బండ, అన్నీ పైనుంచి వచ్చినవే. 1847లో మొదలెట్టి 1852కి కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేశాడంటే, ధవళేశ్వరంలో కొండ చేతికందేట్టు ఉంది గనక. మనకేదీ కొండ? మన నేలంతా గోదారి తెచ్చి పోసిన ఒండ్రు, సముద్రం వెనక్కి జరుగుతూ విడిచిన ఇసుక దిబ్బలు. అందుకే ఊళ్ళ పేర్లలో ఇన్ని లంకలు, ఇన్ని మెరకలు. పాశర్లపూడి గ్యాసుబావి 1995లో అంటుకుని 65 రోజులు మండింది కదా, ఆ బావి కోసం వేల అడుగులు దించారు. ఏటి బురదా సముద్రపు బురదా పొర మీద పొర!

"మరి ఆదిమానవుడి గుర్తులో?" అన్నాను.

"ఎగువకెళ్ళాలిరా" అన్నాడు. భద్రాచలానికి పైన, పినపాక వైపు, జానంపేట చుట్టుపక్కల అడివిలో బండలు గుండ్రంగా పేర్చి, నడిమధ్య తొలిచిన రాతి తొట్టి పెట్టి, పైన పెద్ద పలక మూతేశారట. చచ్చినవాళ్ళ ఎముకలు దాచుకున్న చోట్లవి, ఇనుము వాడకం వచ్చిన రోజులవి. జనం రాక్షస గుళ్ళంటారు. మనిషి కదపలేని బండ కనపడితే మనవాళ్ళకి రాక్షసులో పాండవులో గుర్తుకు రావాల్సిందే, మామూలు మనుషులు పదిమంది కలిసి మోశారంటే నమ్మరు.

మాటల్లోనే ఆదుర్రు వచ్చింది. ఊళ్ళో వాళ్ళు దుబరాజు గుడి అనే దిబ్బ అదే. 1953లో పురావస్తు శాఖవాళ్ళు తవ్వితే కింద బౌద్ధ స్తూపం బయటపడింది. చూడ్డానికి ఏముందీ అనుకుంటారు. నేనూ ముందు అలాగే అనుకున్నా. దగ్గరికెళితే తెలిసింది. చక్రానికి ఆకులున్నట్టే నడిమి నుంచి చుట్టుగోడ దాకా ఇటుక గోడలు లేపి, మధ్యలో మట్టి నింపారు. బయటికి పొడుచుకొచ్చిన అరుగులు, ఆయక వేదికలంటారు. రాయి లేని సీమలో బరువు నిలవాలంటే ఈ చక్రపు కట్టే ఉపాయం. మావయ్య ఓ ఇటుక మీద మూర పెట్టి చూశాడు, మూరకి కాస్త తక్కువ. విరిగిన అంచు చూపించి "ఇదేంటో చెప్పు" అన్నాడు. సన్నసన్నటి చారలు. మట్టిలో కలిపిన వరిపొట్టు ఆవంలో కాలిపోయి వదిలిన జాడలు. కొబ్బరి సంగతి నాకు తెలీదుగానీ, వరి మాత్రం అప్పటికే ఇక్కడుంది.

అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళుతూ ఇక్కడ దిగి పునాది వేసిందని ఊరి మాట. ఆవిడ తామ్రలిప్తిలో ఓడెక్కిందని మహావంశం చెబుతుంది. దారిలో మన రేవుకొచ్చిందా అంటే, అది నమ్మకమే, రుజువు కాదు. నాకైతే రాణులకంటే ఆ ఇటుక కాల్చినవాడి మీదే గురి.

సంక్రాంతికి పట్నం నుంచి వచ్చినవాళ్ళు జగ్గన్నతోట ప్రభలు చూసి, అంతర్వేది వెళ్ళి, కారెక్కేస్తున్నారు. మామిడికుదురు దగ్గర పక్కకి తిరిగితే ఆదుర్రే. మీరైనా ఓ పూట వెళ్ళి రండి. ఇటుక ముక్క మాత్రం జేబులో వేసుకురాకండి, అది పురావస్తు శాఖ కాపుదల ఉన్న చోటు.