విజయవాడ కొండలు

మా వడ్డేపల్లి ప్రాంతమును నడిగడ్డ యందురు. ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర. ఆ రెంటి నడుమ నున్నది మా సీమ. ఆ నదులు రెండును ఏకమై తూర్పునకు సాగి, విజయవాడచెంత ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమగల సందున దూరి మైదానమున బడును. ఏటికి ద్వారబంధమువలె నిలిచిన ఈ కొండలను గూర్చి ఇందు కొంత ముచ్చటింప దలచితిమి.

ఆ సందే పట్టణపు భాగ్యము. నది అచ్చట ఇరుకగుటచేతను, రాయి చేరువనే దొరకుటచేతను, 1852లో ఆనకట్ట కచ్చటనే పునాది వేసిరి. కెప్టెన్ ఓర్ నడపిన ఆ పని 1855లో ముగిసినది. దానికి మారుగా 1957 నాటికి ప్రకాశం బ్యారేజి వెలసినది. డెల్టాలోని వరిచేలన్నియు ఈ కొండలకు ఋణపడియున్నవి.

మతములును వీనినే ఆశ్రయించినవి. మొగల్రాజపురమునను, ఏటి కావల ఉండవల్లిలోను కొండలను తొలిచి గుహాలయములు కట్టిరి. ఇంద్రకీలాద్రిపై కనకదుర్గ వెలసినది. గుణదల కొండపై 1924లో మేరీమాత ప్రతిమను నిలిపిరి. మరియొక కొండపై 1968లో గాంధీ స్తూపము నెత్తిరి. ఇన్ని విధముల పూజ లందుకొన్న కొండల స్వభావమును మాత్రము మన మరయలేదు.

ఇవి తూర్పుకనుమల శాఖలు. ఇందలి రాతికి ఖోండులను కొండజాతివారి పేరిట 1902లో వాకరను శాస్త్రజ్ఞుడు ఖోండలైటని పేరిడెను. ఎండకును వానకును ఈ రాతిలోని కొంత భాగము క్రమముగా బంకమన్నగును. నీరు పగుళ్లలోనికి దిగినప్పుడు ఆ మన్ను జారుడుపడి, పైబండకు పట్టు తప్పును. ఇది దైవకోపము కాదు, నీటి పని.

పట్టణమునకు దక్షిణమున కృష్ణ, ఉత్తరమున బుడమేరు. నడుమనున్న సమభూమికి వెల పెరిగిన కొలది పేదలు కొండ నెక్కిరి. ఇంటికి చదును కావలెనని వాలును తొలిచిరి. అంతట పైమట్టికి ఆనుడు పోయెను. చెట్లు పోయెను, వాడుకనీరు కాలువలేక కొండలోనికే ఇంకెను. 2020 అక్టోబరులో దసరా ఉత్సవముల వేళ ఇంద్రకీలాద్రిపై చరియ విరిగినది. 2024 ఆగస్టు 31న కుండపోతలో మొగల్రాజపురమున బండలు ఇండ్లపై బడి పలువురు మరణించిరి.

అచ్చట ఇల్లు కట్టుకొనుట వారి తప్పే యని కొందరందురు. ఆ మాట అనుట సులభము. తెల్లవారకముందే దిగివచ్చి మన అంగళ్లలోను, ఇండ్లలోను పనిచేయువారు వారే. వారి చాకిరి కావలసిన పట్టణమునకు వారి కింత నేల చూపవలసిన బాధ్యత లేదా? ప్రతి వాలునందును రాతిస్థితిని పరీక్షించి, అపాయస్థలములందలి కుటుంబములకు పనికి దూరముకాని చోట ఇండ్లియ్యవలెను. తక్కినచోట్ల నీరు దిగుటకు కాలువలు కట్టవలెను. బోడివాళ్లపై చెట్లు పెంపవలెను. వలలు, గోడలు మాత్రమే చాలవు.

ఇంద్రకీలాద్రి మెట్లకు పసుపుకుంకుమ లద్దుచు ఎక్కు సోదరీమణు లెందరో కలరు. ఆ భక్తిని మేము కాదనము. కాని కొండను దేవతయని నమ్మినవారు ఆ కొండ ఒడిలోని బిడ్డలను గూర్చి యడుగకుండుట తగదు. వానకాలమునకు ముందే ఆ కాలువలు సిద్ధమైనవా యని నగరపాలకులను ప్రశ్నించుటయు ఆ తల్లి సేవయే.