గిరీశం చుట్ట

‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. 1909లో దాదాపు కొత్త నాటకంగా మళ్లీ వెలువడింది. నేను మాట్లాడేది ఈ రెండవ కూర్పును గురించి.

నాటకానికి పునాది ఆడపిల్లల అమ్మకం. విశాఖ జిల్లాలో మూడేళ్లలో ఇటువంటి పెళ్లిళ్లు వెయ్యికి పైగా లెక్కతేలిన సంగతి గురజాడ తొలికూర్పు పీఠికలోనే చెప్పాడు. అంత బరువైన విషయం ఉండగా గిరీశం చుట్టను పట్టుకు వేళ్లాడటమేమిటని మిత్రులు అడగవచ్చు. నేనూ చాలాకాలం తరగతిలో దాన్ని హాస్యఘట్టంగానే చెప్పి దాటిపోయాను.

ఆ చుట్ట ఎవరిది? పొగాకు పోర్చుగీసువారి వెంట వచ్చిందన్నమాట నిజమే. కాని గురజాడ నాటికి అది పూర్తిగా మనదైపోయింది. గోదావరి లంకల్లో పండేది. ఉత్తరాంధ్ర తీరాన కష్టజీవులైన స్త్రీలు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. అంటే చుట్టలో నాగరికత ఏమీ లేదు. పాలేరుకీ పంతులుకీ అందుబాటులో ఉన్న వస్తువు.

గిరీశం చేసిందల్లా దానికి రెండు యోగ్యతాపత్రాలు సంపాదించడం. తెల్లదొరల గొప్పతనానికీ, ఆవిరియంత్రానికీ చుట్టే కారణమంటాడు. అది చాలదని పురాణం పేరు చెప్పి పద్యం చదువుతాడు. ఇంగ్లీషు చదువూ, సంస్కృత ప్రమాణమూ ఒకే పొగకు ఊడిగం చేస్తాయి. కొడుకు ఉద్యోగస్థుడవుతాడని తల్లి కలలు కంటుంటే, గిరీశంవల్ల తనకు అబ్బింది చుట్ట కాల్చడమొక్కటేనని వెంకటేశమే ఒప్పుకుంటాడు.

గిరీశం వితంతు వివాహాన్ని సమర్థించే పద్ధతీ ఇదే. పూటకూళ్లమ్మ సొమ్ము తిన్నవాడు బుచ్చమ్మ ఎదుట సంస్కర్త అవుతాడు. వాదం మంచిదే, అది వాడికి అవసరానికి వెలిగించుకునే మరో చుట్ట. సంస్కరణను కాదు, సంస్కరణభాషను మాత్రమే నేర్చిన వర్గాన్ని గురజాడ ఈ చిన్న వస్తువుతో పట్టి చూపాడని నా అభిప్రాయం.

ఈ మాట రాస్తూ నన్ను నేను మినహాయించుకోలేను. నా విద్యార్థులు కన్యాశుల్క దురాచారంపై చక్కని సమాధానాలు రాస్తారు. వారిలో కొందరు వేసవిలో కట్నం పుచ్చుకుని పెళ్లి చేసుకుని, శుభలేఖ నాకే తెచ్చి ఇస్తారు. ఆ సమాధానాలు నేర్పింది నేనే. మార్కులు వేసిందీ నేనే. వెంకటేశానికి చుట్ట అందించిన చేయి ఎవరిదని తరగతిలో ఇప్పుడు అడుగుతున్నాను. పిల్లలు నవ్వుతున్నారు; నాకు నవ్వు రావడం లేదు.