నవంబర్ 2 కేకు

మా అమ్మమ్మ ప్రొటెస్టెంట్. ఏటా నవంబర్ 2న, సమాధుల పండుగకి, గుంటూరులో తాతయ్య సమాధి మీద కొవ్వొత్తులు వెలిగిస్తుంది.

ఇక్కడ ఇంగ్లండులో మా పక్కింటావిడది విక్కా మతం. తను మంత్రగత్తెనని చెప్పుకుంటుంది. ఆమె కూడా అదే రోజు చనిపోయినవాళ్ళ కోసం కొవ్వొత్తి వెలిగించి, సోల్ కేకులు చేస్తుంది. "ఇది చర్చి కంటే పాత ఆచారం" అంటుంది.

నేను చదివిన చరిత్ర వేరు. ఈ రోజుని సుమారు వెయ్యేళ్ళ క్రితం ఫ్రాన్సులో క్లూనీ మఠాధిపతి ఒడిలో మొదలుపెట్టాడు. ఇంగ్లండులో పేదలు కేకు తీసుకుని, ఆ ఇంట్లో చనిపోయినవారి కోసం ప్రార్థించేవారు. 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్ చర్చి ఆ ప్రార్థనలు ఆపేసింది. కేకు మిగిలింది. విక్కా బాగా బయటికి వచ్చింది 1951లో మంత్రవిద్య చట్టం రద్దయ్యాకే.

చర్చి వదిలేసిన రోజుని వీళ్ళిద్దరూ పట్టుకున్నారు.

ఈసారి పక్కింటావిడ తాతయ్య పేరు అడిగింది. చెప్పాను. అమ్మమ్మకి ఇంకా చెప్పలేదు. "మంత్రగత్తె" అంటే భయపడుతుంది. మీరైతే ఏ మాట వాడతారు?